ఫర్వానియాలో చైనా గుట్ట

పోయిన శుక్రవారం పొద్దున తలకు రంగు పెట్టుకుని, అది ఆరేదాకా గోడకు ఆనకుండా కుర్చీ అంచున బిగుసుకుని కూర్చున్నాను. ఆ అవతారంలో ఉండగా గిరిజ వీడియో కాల్ చేసింది. నన్ను చూసి కిసుక్కున నవ్వి, మంచీ చెడూ ఏమీ అడగకుండా, "మామా, కువైట్ల గుట్ట ఏడుంది?" అంది. ఈ అమ్మాయి మా నర్సయ్య కాక మనవరాలు. జగిత్యాల పక్క పల్లె వాళ్లది. ఈ ఏడే వ్యవసాయ కాలేజీలో చేరింది. హాస్టల్లో కొత్త స్నేహితురాళ్లంతా ఎవరికి ఏ పేరు ఎందుకొచ్చిందో చెప్పుకుంటుంటే, ఇది కూడా గొప్పగా, "మా తాత కువైట్ల గుట్టెక్కి మొక్కితే నేను పుట్టిన, అందుకే గిరిజ అని పెట్టిండ్రు" అని చెప్పిందట. అందులో ఒక తెలివైన పిల్ల అక్కడికక్కడే ఫోన్ తీసి వెతికి, కువైట్లో అసలు గుట్టలే లేవని తేల్చి అందరిలో నవ్వులపాలు చేసింది. సెలవులకు ఇంటికొచ్చి తాతను నిలదీస్తే, "నాతోని సత్తిగాడు గూడ ఎక్కిండు, వాన్ని అడుగు పో" అని ఆయన నా మీదికి తోసేశాడు. "నిజంగ ఎక్కిండ్రా, లేకుంటె ఇద్దరు గల్సి నన్ను ఇన్నేండ్లు బనాయించిండ్రా?" అని గిరిజ కళ్లెర్రజేసింది.

ఆ తెలివైన పిల్లను తప్పు పట్టలేను. ఈ దేశం చపాతీ పీటలాగా ఉంటుంది. ఉత్తరాన ముత్లా వైపు పోతే ఇసుక కాస్త ఎత్తుగా లేచిన చోటు ఒకటి ఉంది, ఇక్కడివాళ్లు దాన్ని చూడటానికి కుటుంబాలతో సహా టీ ఫ్లాస్కులు పట్టుకుని పోతారు. దాన్ని గుట్ట అని రాస్తే మా జిల్లాలో ఎవరూ నాతో మాట్లాడరు. అయినా నేను గిరిజతో, "ఎక్కినం బిడ్డా, ఒట్టు" అన్నాను. "అయితె చూపెట్టు" అంది. "మధ్యాన్నంలోపు చూపెడుత, తాతను పక్కన కూసోబెట్టుకో" అని ఫోన్ పెట్టేశాను. తల కడుక్కుందామని లేచి, బాత్‌రూమ్ తలుపు పట్టుకుని నిలబడిపోయాను. ఒక్కొక్కటే గుర్తుకొస్తుంటే నవ్వుకుంటూ ఎంతసేపు అట్లా ఉన్నానో తెలియదు. చివరికి అద్దంలో చూసుకుంటే రంగు నుదుటి మీదికి కూడా దిగి, కొత్త టోపీ పెట్టుకున్నట్టు కనిపించాను.

నేనిప్పుడు ఫింటాస్‌లో ఒక కంపెనీ స్టోర్స్ చూసుకుంటూ, నా గదిలో నేనొక్కణ్నే ఉంటున్నాను. ఆ రోజుల్లో ఫర్వానియాలో ఒక పాత బిల్డింగు కింది అంతస్తులో నలుగురం ఒకే గదిలో ఉండేవాళ్లం. మీసం సరిగా రాకముందే నా చేతికి ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు వచ్చింది. కిటికీ పక్క ఇనుప మంచం కింది అరలో నర్సయ్య కాక, పై అరలో నిజామాబాద్ గంగారాం, ఎదురు మంచం కింద రాయచోటి మస్తాన్ భాయ్, ఆయన మీద నేను. గంగారాం దేన్నీ నమ్మేవాడు కాదు. ఇవాళ శుక్రవారమంటే క్యాలెండర్ చూసి రమ్మనేవాడు. మస్తాన్ భాయ్ ఒక కువైటీ ఇంట్లో వంట చేసేవాడు. అక్కడ అందరికీ వండి వచ్చి, మళ్లీ మాకూ వండేవాడు. వద్దంటే కోపం. శుక్రవారం రాగి సంగటి చేసి, ఊరిబిండి పచ్చడి నూరి, మేము అన్నం అడిగితే, "సంగటి తినలేనోనివి యాడికొచ్చి యాం పని జేస్తావు నాయనా" అని గరిటె చూపించేవాడు.

గదిలో పెద్ద మాత్రం నర్సయ్య కాకే. ఊళ్లో పసుపు పండించేవాడు. ఇక్కడ సైటులో ఇనుప కడ్డీలు కట్టేవాడు. తెల్లారి ఆయన దగ్గు వినిపించిందంటే లేవాలి. ఆ దగ్గుకు వేళ తప్పదు. ఒంటికి తడి తువాలు చుట్టుకుని వచ్చి, ఫ్రిజ్ పక్క గోడకు అంటించిన వేములవాడ రాజన్నకూ కొండగట్టు అంజన్నకూ అగరుబత్తి తిప్పి, అదే అగరుబత్తిని తీసుకుపోయి మా బూట్ల వరుస మీద కూడా తిప్పేవాడు. భక్తితో కాదు, వాసన భరించలేక. ఏసీ నీళ్లు కారే బకెట్టు, మస్తాన్ భాయ్ వెల్లుల్లి తాలింపు, ఆ అగరుబత్తి, తడి సాక్సులు, ఇవన్నీ కలిసిన ఒక వాసన ఉండేది. ఇప్పుడు నా గదిలో ఎయిర్ ఫ్రెషనర్ ఉంది. అయినా ఏదో ఖాళీ అయినట్టు, ఎవరూ లేనట్టు వాసనొస్తుంది. కాళ్లు కడుక్కోనివాణ్ని కాక మంచమెక్కనిచ్చేవాడు కాదు. మామిడికాయ తొక్కు సీసాను సూట్‌కేసులో పెట్టి తాళం వేసేవాడు, కానీ తాళంచెవి అందరికీ కనిపించేలా మేకుకు తగిలించేవాడు. తొక్కు తగ్గిందని తిడుతూ, ఎవరు తిన్నారో అడగకుండా ఊరుకునేవాడు.

అట్లాంటి మనిషి ఆ వేసవిలో తిండి మానేసినంత పని చేశాడు. కారణం ఆయన కూతురు లక్ష్మి. నేను ఆయన్ను కాకా అంటాను కాబట్టి నాకు అక్క. ఆమెకు తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఏమీ లేదు. అప్పుడు కాక ఇక్కణ్నుంచే మొక్కుకున్నాడు. మళ్లీ కడుపు పండితే, కాన్పు కాకముందే తానే స్వయంగా వచ్చి వేములవాడలో రాజన్నకు కోడె కడతానని, అటే నడిచి కొండగట్టు గుట్ట ఎక్కుతానని. మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు గానీ, తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. కోడె మొక్కంటే కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిరిగి, దాన్ని గుళ్లో కట్టి రావడం. మొక్కు ఫలించింది. లక్ష్మక్కకు నెలలు నిండుతున్నాయి. ఇక్కడ కంపెనీ మాత్రం బిల్డింగు అప్పగించేదాకా ఎవరికీ సెలవు లేదని చెప్పి పాస్‌పోర్టులు పెట్టెలో పెట్టుకుంది. కాక ఆఫీసుకు తిరిగి తిరిగి, చివరికి అక్కడి గుమాస్తా ఆయన్ను చూడగానే తలుపు వెనక దాక్కునే దాకా వచ్చింది. ఫోన్లో కాక భార్య మాత్రం ఒకటే మాట, "నువ్వు మొక్కినవు, నువ్వే తీర్చాలె. నేను తీరిస్తె చెల్లదు. డాక్టరమ్మ బిడ్డ అడ్డం తిరిగిందంటున్నది." కాక ఫోన్ పెట్టేసి గోడవైపు తిరిగి పడుకునేవాడు. పెద్ద మనిషి అట్లా పడుకుంటే మాకు అన్నం దిగేది కాదు.

మాకు చేతనైన సలహాలు మేమిచ్చాం. గంగారాం, "కోడె దొరక్కపోతె ఒంటె దొరుకుతది గదా కాకా, ఈడ దానికేం కరువు" అన్నాడు. కాక చాలాసేపు ఆలోచించి, "రాజన్న ఏమనుకోడు గని, మిద్దె ఎక్కియ్యాలంటె లిఫ్టుల పట్టది" అన్నాడు. ఆయన నిజంగానే లెక్క వేశాడని తెలిసి మాకు ఇంకా బాధేసింది.

ఆ సైటులో నేను స్టోర్స్ సాయానికి ఉండేవాణ్ని. చిట్టీలు పట్టుకుని ఫోర్‌మన్ క్యాబిన్‌కు పోవాల్సి వచ్చేది. ఫోర్‌మన్ చైనా ఆయన, పేరు చౌ. సన్నగా, ఎప్పుడూ ఏదో లెక్క తప్పినట్టు ముఖం పెట్టుకుని ఉండేవాడు. క్యాబిన్ గోడకు ఆయన ఒక గుడ్డ పటం వేలాడదీశాడు. దట్టమైన అడవి, నిట్టనిలువు గుట్ట, నడుముకు మబ్బులు. గుట్ట కింద ఒక గడ్డం ముసలాయన నిలబడి ఉన్నాడు. ఒంటికి ఆకులు చుట్టుకున్నాడు, నోట్లో ఒక ఆకు, తల మీద రెండు చిన్న కొమ్ములు. ఆ గుట్టకు ఆ ముసలాయన పేరేనని, అది తన ఊరి గుట్టేనని చౌ అరబ్బీ ముక్కలతో చెప్పాడు. షెన్‌నోంగ్ అని ఏదో పేరు కూడా చెప్పాడు, నా నోరు తిరగలేదు. గదిలో కాకను కాస్త నవ్విద్దామని రాత్రి అన్నాలప్పుడు ఈ సంగతి ఎత్తాను. నవ్వలేదు. ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"కొమ్ములున్నయా?" అన్నాడు.

"ఉన్నయి కాకా."

"గుట్ట ఉన్నదా?"

"గుట్ట మీదనే గదా పటమంత."

కాక లేచి చేయి కడుక్కున్నాడు. ఆ తర్వాత మా గదిలో జరిగిన చర్చ ఏ సభలోనూ జరిగి ఉండదు. గంగారాం, "కొమ్ములున్నయంటె యముని దున్నపోతు గూడ గావచ్చు, తొందరపడకు" అన్నాడు. నేను, నడుముకు ఆకులు కట్టుకున్నాడు కాబట్టి బోనాల్లో వేపమండలు కట్టుకునే పోతరాజు అయి ఉంటాడన్నాను. మస్తాన్ భాయ్ సంగటి గిన్నె తోముతూనే, "ఆకులు నములుతాండాడంటే హకీమప్పా ఆయప్ప, మందులిచ్చేటోడు. మీకు అంత తెలీదా" అన్నాడు. కాక అందరివీ విని తీర్పు చెప్పాడు. "పేరు ఏదన్న గాని. కొమ్ములు కోడెయి, గుట్ట అంజన్నది. రెండు దేవుండ్లు ఒక్క పటంలనే అచ్చిండ్రు. నేను పోలేనని ఆల్లే అచ్చిండ్రు రా." అంటూ కళ్లు తుడుచుకున్నాడు. 

మరునాడు కాక పటం అడగడానికి చౌ క్యాబిన్‌కు పోయాడు. నేను తోడొస్తానంటే వద్దన్నాడు. ఆయనకు అరబ్బీలో యల్లా, ఖలాస్, మాఫీ, అంటే పద, అయిపోయింది, లేదు అనే మూడు ముక్కలే వచ్చు. చౌకు అంతకన్నా ఒకటో రెండో ఎక్కువ. అయినా ఇద్దరూ టీ విరామమంతా లోపలే ఉన్నారు. కిటికీలోంచి చూస్తే చౌ వంగి, రెండు చేతులూ ముందుకు చాపి ఏదో తోస్తున్నట్టు నడుస్తున్నాడు, కాక ఆయన వెనక నడుస్తూ తల ఊపుతున్నాడు. ఏదో వ్యాయామం నేర్పుతున్నాడనుకున్నాను. కాక బయటికి వచ్చి, "ఇస్తడట. గని ఎవల చేతికి ఇయ్యడట, ఆల్ల అమ్మ ఇచ్చిన పటమట. ఆయినెనే పట్టుకొని అస్తడు" అన్నాడు. ఇంకో షరతు కూడా ఉంది. పటానికి పసుపు కుంకుమ అంటించకూడదు.

ఏర్పాట్లన్నీ కాకే చేశాడు. మా బిల్డింగు మెట్లే గుట్ట. పైన మిద్దె మీద నీళ్ల ట్యాంకుల వరుస గుడి. చౌ చేతిలో పటం కోడె. ఆ కోడె వెంట ట్యాంకుల చుట్టూ మొక్కిన చుట్లు తిరిగితే వేములవాడ, మెట్లు ఎక్కితే కొండగట్టు. అబ్బాసియా బజారుకు పోయి కొబ్బరికాయలు, బెల్లం, పుట్నాలు, కొత్త తువాలు తెచ్చాడు. శుక్రవారం పొద్దున మస్తాన్ భాయ్ జుమా నమాజుకు పోకముందే అయిపోవాలి, ఎందుకంటే ఆయన లేకుండా ఎక్కనని కాక పట్టుబట్టాడు. మస్తాన్ భాయ్, "నేనెందుకప్పా మీ గుట్టకు" అంటే, "లక్ష్మికి జరమస్తె దర్గల తాయెత్తు తెప్పించినోనివి నువ్వే గదా, ఇప్పుడు నడిమిట్ల ఇడిసిపెడ్తవా" అన్నాడు. మస్తాన్ భాయ్ లుంగీ మార్చుకున్నాడు.

శుక్రవారం చౌ చెప్పిన వేళకే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, సైటు బూట్లు, చంకలో చుట్టిన పటం. కాక ఆయన కాళ్లవైపు చూశాడు. "బూట్లు ఇడవాలె. గుట్టది" అన్నాడు. నేను సైగలతో చెప్పాను. చౌ మా నలుగురి వట్టి కాళ్లూ చూసి, ఒక నిట్టూర్పు విడిచి, బూట్లూ సాక్సులూ విప్పి మా గది ముందు వరుసలో పెట్టాడు. పటాన్ని విప్పి, జెండాలాగా రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. లక్ష్మక్కను ఆ తెల్లవారుజామునే ఆసుపత్రిలో చేర్చారని కబురొచ్చింది. కాక ఫోన్ నా జేబులో పెట్టి, "మోగితె నాకు చెప్పు" అన్నాడు. గంగారాం ఒక్కడు లిఫ్టు దగ్గర నిలబడి, "మీరు నడువుండ్రి, నేను పైన కలుస్త" అన్నాడు. కాక ఆయన్ను ఒక్క చూపు చూశాడు. గంగారాం వచ్చి వరుసలో చివర నిలబడ్డాడు.

మొదటి మలుపు తిరిగేసరికి వెనక నుంచి అరుపులు మొదలయ్యాయి. మా బిల్డింగు హారిస్, అంటే కావలి చూసే ఈజిప్టు పెద్దాయన, అబూ సమీర్. అంతకుముందు ఎవరో మిద్దె మీద చేపలు ఎండబెట్టారు, అప్పటి నుంచీ మిద్దె పేరెత్తితే ఆయనకు పూనకం వచ్చేది. గుడ్డ పటం చూసి, మేము పైన డేరా వేసి గది కట్టబోతున్నామనుకున్నాడు. "మమ్నూ! మమ్నూ!" అని, అంటే కూడదు కూడదని, అరుస్తూ మా వెంట ఎక్కడం మొదలుపెట్టాడు. కాక ఆగలేదు. మొక్కు మెట్ల మీద ఆగకూడదట. మేము జై ఆంజనేయ అంటాం, హారిస్ మమ్నూ అంటాడు. విన్నవాళ్లకు ఆయన మాకు వంత పాడుతున్నాడనిపించి ఉంటుంది. ప్రతి అంతస్తులోనూ తలుపులు తెరుచుకునేవి. ఒకచోట బంగ్లాదేశ్ కుర్రాళ్లు బ్రష్షులు నోట్లో పెట్టుకుని చూశారు. ఒకచోట మలయాళీ ఆవిడ గుమ్మం బయటికొచ్చి, కొబ్బరికాయలు చూసి, ఏమీ అడగకుండా చేతులు జోడించింది. ఒక సిరియా పెద్దాయన చౌను చూసి, చైనా సామాన్లు అమ్మవచ్చిన వాడనుకుని, పటం ఖరీదు అడిగాడు. చౌ ఒగరుస్తూనే ఇది అమ్మనని తల అడ్డంగా ఊపాడు.

పైకి చేరేసరికి అందరికీ నాలుకలు బయటికొచ్చాయి. అందరికన్నా ఎక్కువ రొప్పుతున్నది అబూ సమీరే. మిద్దె తలుపుకు తాళం. తాళంచెవి ఆయన నడుముకే ఉంది. చేతులు కట్టుకుని తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. కాక ఆయన ముందు నిలబడి, ఏ భాషా లేకుండా, తాళం వైపు చూస్తూ ఉండిపోయాడు.  అప్పుడు మస్తాన్ భాయ్ ముందుకొచ్చి, కాక కూతురు ఆసుపత్రిలో ఉందని, కాన్పు కష్టంగా ఉందని, ఈ ముసలాయన అందుకోసం దేవుణ్ని అడగడానికి వచ్చాడని అరబ్బీలో మెల్లగా చెప్పాడు. అబూ సమీర్ కాకను ఎగాదిగా చూశాడు. "బిన్తుహు?" అన్నాడు, ఆయన కూతురా అని. మస్తాన్ భాయ్ తలూపాడు. హారిస్ తాళం తీసి, తనే తలుపు నెట్టి, చెప్పులు విడిచి పక్కన నిలబడ్డాడు.

మేము అంత ఆలోచించాం గానీ ఒక్కటి మరిచిపోయాం. అది కువైట్ ఎండాకాలం. మిద్దె మీద పలకలు రొట్టె పెంకులాగా కాలుతున్నాయి. కాక మొదటి అడుగు వేసి పళ్లు బిగించాడు. రెండో అడుగుకు చౌ చైనా భాషలో ఏదో గట్టిగా అన్నాడు, అది స్తోత్రం కాదని మాకు అర్థమైంది. నడక కాస్తా పరుగైంది. ముందు చౌ పటం ఎత్తి పట్టుకుని ఎగురుతున్నాడు, వెనక కాక కొత్త తువాలు గాలికి ఎగురుతుండగా చేతులు జోడించి, ఆ వెనక మస్తాన్ భాయ్ లుంగీ ఎగగట్టుకుని, గంగారాం, నేను. అబూ సమీర్ పైపు తెరిచి మా ముందు పలకల మీద నీళ్లు కొడుతున్నాడు. నీళ్లు వృథా చేస్తే జరిమానా వేస్తానని మమ్మల్ని బెదిరించే మనిషి. ఆ నీళ్లు కూడా ట్యాంకులో మరిగినవే. కాక మాత్రం "రాజన్నా, అంజన్నా, నా బిడ్డ పదిలం" అంటూ పరుగెత్తుతున్నాడు. ఆఖరి చుట్టు మొదలుపెట్టామో లేదో, నా జేబులో ఫోన్ మోగింది.

"కాకా, ఫోను!" అన్నాను.

"ఎత్తకు!" అని అరిచాడు. "చుట్టు కానియ్!"

అంత పొడవైన చుట్టు నా జీవితంలో తిరగలేదు. ఫోన్ మోగుతూనే ఉంది. ఒకసారి ఆగి మళ్లీ మొదలైంది. అరికాళ్లు కాలుతున్న సంగతి అందరం మరిచిపోయాం. గంగారాం ఏడుస్తూ పరుగెత్తుతున్నాడు. దేన్నీ నమ్మనివాడు అట్లా ఏడుస్తుంటే నాకు ఇంకా భయమేసింది. మొదలుపెట్టిన ట్యాంకు దగ్గరికి చేరి కాక ఆగేసరికి ఫోన్ ఆగిపోయింది. నేను తిరిగి చేస్తే కాక ఫోన్ కార్డులో డబ్బులు అయిపోయాయని ఆడగొంతు చెప్పింది. చౌ పటం మస్తాన్ భాయ్ చేతికిచ్చాడు, ఎవరి చేతికీ ఇవ్వనన్న పటం. తన ఫోన్ తీసి కాక ముందు చాపాడు. నేను నంబరు నొక్కాను. కాక చెవికి పెట్టుకుని విన్నాడు. ఉన్నచోటనే చతికిలబడ్డాడు. కూర్చున్న మరుక్షణం "అయ్య!" అని ఎగిరి నిలబడ్డాడు, పలక అంత కాలుతోంది. ఏడుస్తూ, నవ్వుతూ, వెనక చేయి పెట్టి రుద్దుకుంటూ, "ఆడిపిల్ల రా. తల్లి, పిల్ల ఇద్దరు బాగున్నరట" అన్నాడు.

"కువైస్?" అని అడిగాడు చౌ, బాగేనా అని. "కువైస్, కువైస్" అన్నాడు కాక. పటానికి అంటించొద్దన్నాడు కాబట్టి, చేతిలో తడిపిన పసుపు తీసి చౌ నుదుటికి రాశాడు. చౌ మూడు సిగరెట్లు తీసి, ముట్టించి, ట్యాంకు దిమ్మె మీది పగులులో అగరుబత్తుల్లా నిలబెట్టి పటానికి దండం పెట్టాడు. పెదవులు కదిలాయి, ఏమడిగాడో మాకు తెలియదు. మిద్దె మీద సిగరెట్లు కూడదనే సంగతి అబూ సమీర్‌కు తెలిసినా, ఆయన అప్పటికి బెల్లం నములుతున్నాడు. ఆయన కూడా మెట్లన్నీ నడిచే ఎక్కాడు కాబట్టి, పుణ్యంలో ఆయనకూ భాగముందని కాక పెద్ద కొబ్బరి చిప్ప ఇచ్చాడు. మస్తాన్ భాయ్ కాలిన కాళ్లతోనే మసీదుకు పోయాడు. శనివారం మేమంతా సైటులో మడమల మీద నడుస్తుంటే, ఇంజినీరు పిలిచి కొత్త బూట్లు ఇరుకా అని అడిగాడు.

బిల్డింగు అప్పగించాక కాక ఊరికి వెళ్లి, మళ్లీ రాలేదు. పసుపు చేను చూసుకుంటున్నాడు. గంగారాంకు ఇప్పుడు జగిత్యాల బస్టాండు దగ్గర దుకాణం, కొన్నవాళ్లకు చిల్లర సరిగా ఇచ్చాడో లేదో తనకే నమ్మకం ఉండదు. మస్తాన్ భాయ్ రాయచోటిలో పోయాడు. ఆయనను తలుచుకుంటే ఆ సంగటి శుక్రవారాలన్నీ గుర్తుకొస్తాయి. చౌ చైనాకు తిరిగిపోయాడు, తర్వాత కబురు లేదు. మిగిలింది నేను.

నుదుటి రంగు సగం కడుక్కుని, సగం టోపీ కింద దాచుకుని ఫర్వానియాకు బస్సెక్కాను. బిల్డింగు ఉంది. రంగు మారింది, లిఫ్టు కొత్తది, అద్దాలు కూడా పెట్టారు. హారిస్ ఇప్పుడు నేపాల్ కుర్రాడు. మిద్దె చూడాలంటే ఎందుకని కూడా అడగకుండా ఫోన్ చూసుకుంటూనే తాళంచెవి ఇచ్చాడు. మెట్ల దారినే ఎక్కాను. మోకాళ్లు ప్రతి మలుపులోనూ ఆగమన్నాయి. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. గుమ్మాల ముందు యాప్‌లో తెప్పించుకున్న తిండి పొట్లాలు, లోపల టీవీలు. అప్పుడు ఒక్క గదిలో తాలింపు వేస్తే అన్ని అంతస్తులకూ ఆకలి వేసేది. ఇప్పుడు అన్ని అంతస్తులకూ ఒకటే డెలివరీ కుర్రాడు. హాయిగా ఉంది కదా అంటే హాయిగానే ఉంది. కాకపోతే ఈ మెట్ల మీద నేను మొక్కు తీర్చుకుంటూ పడిపోయినా లేపేవాళ్లు లేరనిపించి కొంచెం దిగులేసింది.

పైన తలుపు తీసి ఫోన్ కలిపాను. గిరిజ, పక్కన కుర్చీలో కాక. బక్కచిక్కి, చెవికి మిషన్ పెట్టుకుని ఉన్నాడు. "ఇగో బిడ్డా, గుట్ట. ఇవే మెట్లు, ఇదే గుడి" అని ట్యాంకులు చూపించి, కథంతా చెప్పాను. గిరిజ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. గుట్ట పేరు అడిగింది. నాకు గుర్తున్నట్టు పలికాను. అది పక్కన ఇంకో ఫోన్లో వెతికి, కాసేపు చదివి, మెల్లగా అంది, "మామా, గీయిన రాజన్న గాదు, అంజన్న గాదు. చైనోల్ల పురాణాలల్ల ఉన్నడు. ఆల్లకు నాగలి దున్నుడు నేర్పినాయినెనట. మందుచెట్లు ఏవో తెల్సుకునేతందుకు ఆకులు నమిలి చూసెటోడట. గా గుట్టకు ఆయిన పేరే పెట్టిండ్రట. తాతకు చెప్పాల్నా వద్దా?"

ఆమె గొంతులో నిజంగానే భయం ఉంది. తాత మొక్కిన మొక్కు తప్పు దేవుడి దగ్గర తీర్చాడని తెలిస్తే ఏమైపోతాడోనని. కాక చెవి మిషన్ సవరించుకుని ముందుకు వంగాడు.

"నాకు ఆనాడె ఎర్క" అన్నాడు. "చౌ క్యాబిన్ల చెప్పిండు. నాగలి దున్ని సూపెట్టిండు, ఎడ్లు గట్టి సూపెట్టిండు, నేను గూడ ఎనుక దున్నిన. యెవుసం నేర్పినాయినె కోడె లేకుంట నేర్పిండా? నాగలికి కోడెను గట్టినాయినకు మొక్కితె రాజన్న కోపం జేస్తడా?"

"మరి మాకెందుకు చెప్పలే కాకా?" అన్నాను.

"చెప్తె ఎక్కుదురా మీరు? గంగారాంగాడు లిఫ్టులకెల్లి బయిటికి అచ్చునా? నా బిడ్డ కోసం ఒక్కణ్ని ఎక్కుడు నాకు భయమైంది రా సత్తీ."

 మా అందరిలోకి ధైర్యం కాకదేనని నేను ఇన్నేళ్లు అనుకున్నాను. గిరిజ తాత భుజం మీద తల పెట్టింది. అక్కడ వాళ్ల పసుపు చేను మీంచి గాలి వస్తున్నట్టుంది, ఆమె జుట్టు కదులుతోంది. ఇక్కడ ట్యాంకు దిమ్మె మీది పగులు అట్లాగే ఉంది. దాన్ని వాళ్లకు చూపించడానికి ఫోన్ కిందికి వంచాను.

కాక తెరకు ముఖం ఆనించి, కళ్లు చిట్లించి చూశాడు. పగులు కాదు ఆయనకు కనిపించింది.

"సత్తీ, అవేంది రా కాళ్లకు? చెప్పులు ఇడువు. గుట్టది."

మధ్యాహ్నం ఎండ. మిద్దె మీద నేనొక్కణ్నే. చెప్పులు విడిచాను. కాలు పెట్టగానే తెలిసింది, నిలబడటం నా వల్ల కాదని. ఫోన్ రెండు చేతులా తల మీదికి ఎత్తి పట్టుకుని ట్యాంకుల చుట్టూ పరుగు మొదలుపెట్టాను. పైనుంచి ఆ ఇద్దరూ నవ్వుతున్నారు.

"ఆగకు, చుట్టు కానియ్!" అని అరుస్తున్నాడు కాక.